ఎవరి కుర్చీ వాళ్ళదే

ఆ పార్టీ ఆఫీసుకు ఒక ఆచారం ఉండేది. చెబితే నవ్వుతారు గానీ చెప్పక తప్పదు. సభ్యుడిగా చేరదలుచుకున్నవాడు ఎవడైనా సరే, తన ఇంట్లోంచి ఒక కుర్చీ మోసుకుని, సైకిల్ షాపు పక్కనున్న పద్దెనిమిది ఇరుకు మెట్లూ ఎక్కి పైకి రావాలి. ఆ కుర్చీని తిరగేసి అడుగున అతని పేరు రంగుతో రాస్తారు. అంతటితో సభ్యుడైపోయినట్టే, ఫారాలూ సంతకాలూ తర్వాతి సంగతి. కుర్చీ తేనివాడు ఎంత గొప్పవాడైనా గోడకానుకుని నిలబడాల్సిందే. పార్టీ వదిలిపోయేవాడు తన కుర్చీ తాను పట్టుకుపోవాల్సిందే. ఇంట్లో ఉన్న నాలుగు కుర్చీల్లో ఒకటి తెచ్చి ఇక్కడ పడేసినవాడు, రేపు చుట్టాలొచ్చి కూర్చునే చోటు లేనప్పుడైనా పార్టీని తలుచుకుంటాడని ఆ ఆచారం పెట్టిన పెయింటర్ బాబాయ్ ఉద్దేశం.

పెయింటర్ బాబాయ్ బోర్డులు రాసేవాడు. బజారులో సగం కొట్ల పేర్లు ఆయన చేతి రాతే. పట్టణ శాఖ పెట్టిందీ ఆయనే, ఇరవై ఆరేళ్ళు అధ్యక్షుడిగా మోసిందీ ఆయనే. ఊరందరికీ వరస కలుపుకున్న బాబాయ్ అయినా, టైలరమ్మకు మాత్రం సొంత బాబాయ్. ఆమె తండ్రి పోయేనాటికి ఆమెకు తొమ్మిదేళ్ళు. అన్న కూతుర్ని తెచ్చుకుని తన ఇంట్లోనే పెంచాడు, మెషిను కొనిచ్చి కుట్టు నేర్పించాడు, పద్దెనిమిది నిండగానే పార్టీలో చేర్పించాడు. ఆ రోజు ఇంట్లో మిగులు కుర్చీ లేదు. ఉన్న ఒక్కటీ అప్పటికే ఆఫీసులో బాబాయ్ పేరుతో ఉంది. "ఇద్దరికీ ఇదొక్కటి చాల్లే అమ్మడూ, నేనెటూ కూర్చోనుగా" అని తన పేరు కిందే ఆమె పేరు కూడా రాసేశాడు.

ఆయన కూర్చోకపోవడం నిజమే. దానికీ ఒక నియమం ఉంది మరి, ఆ మనిషికి నియమాలకేం కొదవ! చెయ్యెత్తడానికేముంది, ఆవలిస్తూ కూడా ఎత్తొచ్చు, కుర్చీలోంచి లేవాలంటే మాత్రం ఒక్క క్షణమైనా ఆలోచిస్తారు అనేవాడు. అందుకని తీర్మానానికి ఒప్పుకున్నవాళ్ళు లేచి నిలబడాలి, కాదన్నవాళ్ళు కూర్చునే ఉండాలి. అధ్యక్షుడు బల్ల పక్కన నిలబడి వేలితో చూపిస్తూ పైకి లెక్కపెడతాడు. లెక్కపెట్టేవాడు లెక్కలోకి రాకూడదు. అలా బాబాయ్ జీవితమంతా ఆ గదిలో నిలబడే ఉన్నాడు, ఆయన కుర్చీలో టైలరమ్మ కూర్చునేది.

రెండేళ్ళ కిందట ఎన్నికలకు ముందు పై కమిటీ ఒక బస్సుల యజమానిని అభ్యర్థిగా పంపింది. ఆయన అంతకు పది రోజుల ముందు దాకా అవతలి పార్టీలో ఉండి ఈ పార్టీని నోటికొచ్చినట్టు తిట్టినవాడు. బాబాయ్ ససేమిరా అన్నాడు. పై నుంచి ఇద్దరు పెద్దలు దిగి, బాబాయ్‌ని పార్టీలోంచి తీసేస్తూ తీర్మానం చేస్తారా, మీ శాఖనే రద్దు చేయమంటారా అని తేల్చి అడిగారు. అధ్యక్ష పదవి టైలరమ్మకు ఇస్తామని ఆమెను పక్కకు పిలిచి చెవిన వేశారు. తీర్మానం పెట్టారు. ముప్ఫై ముగ్గురు కూర్చున్న గదిలో, బల్ల పక్కన నిలబడి, తనను తీసేయడానికి లేచినవాళ్ళను బాబాయే లెక్కపెట్టాడు. ఒకటీ, రెండూ అంటూ గొంతు వణక్కుండా పదహారు దాకా వచ్చాడు. అప్పుడు టైలరమ్మ లేచింది. ఎక్కడి నుంచి లేచిందనుకున్నారు? ఆయన కుర్చీలోంచే.

"పదిహేడు," అన్నాడు బాబాయ్. తీర్మానం నెగ్గిందని తనే పుస్తకంలో రాశాడు. రాసి, కలం మూత పెట్టి, ఆ కుర్చీని భుజానికెత్తుకుని మెట్లు దిగిపోయాడు.

శాఖను కాపాడాలనే లేచానని టైలరమ్మ తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకుందో లెక్కలేదు. ఎన్నికలయ్యాక నెల తిరక్కుండా బాబాయ్‌ని వెనక్కి తెచ్చేస్తానని కూడా అనుకుంది, పాపం అదీ అబద్ధం కాదు. అధ్యక్షురాలినవ్వాలన్న ఆశ కూడా ఉందని ఒప్పుకోవడానికి మాత్రం ఆమెకు రెండేళ్ళు పట్టింది.

బస్సుల యజమాని చిత్తుగా ఓడిపోయి, వారం తిరక్కుండా మళ్ళీ పాత గూటికే చేరాడు. పై పెద్దలు చేతులు దులుపుకున్నారు. ఇక మెట్ల మీద కుర్చీలు దిగడం మొదలైంది. ఒకాయన డాబా మీదికి కావాలన్నాడు, ఒకావిడ కోడలు అడుగుతోందంది, ఇంకొకాయన ఏ సాకూ చెప్పకుండా తలొంచుకుని పట్టుకుపోయాడు. చివరికి ఏడు మిగిలాయి. టైలరమ్మ మీటింగుల్లో నిలబడే ఉండేది. బాబాయ్ పద్ధతి పాటిస్తోంది కాబోలని అంతా అనుకున్నారు. ఆమెకు కూర్చోవడానికి కుర్చీ లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. సొంత నియమం ప్రకారం చూస్తే రెండేళ్ళుగా ఆ శాఖకు అధ్యక్షురాలు సభ్యురాలే కాదు. కొత్త కుర్చీ కొని తెచ్చుకోవచ్చుగా అంటారేమో. దాని అడుగున పేరు ఎవరు రాస్తారు?

అలాంటి రోజుల్లో పై కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. పై ఆదివారం కాక ఆ పై ఆదివారం ఉదయం పది గంటలకు పరిశీలకుడు వస్తాడు. ముప్ఫై మందికి తక్కువుంటే శాఖ రద్దు, మిగిలినవాళ్ళను పక్క పట్టణంలో కలిపేస్తారు. ఉత్తరం నాలుగే వాక్యాలు. టైలరమ్మ దాన్ని మెషిను మీద పెట్టుకుని, గుడ్డను తప్పుగా కత్తిరించానా అన్నట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం నాలుగింటికి మెషిను మూసి, టేపు మెడలోనే మరిచిపోయి, కాళ్ళకు చక్రాలు కట్టుకుని తిరిగింది. ఆమెకు ఉపన్యాసం రాదు. గుమ్మంలో నిలబడి, పార్టీని మళ్ళీ కట్టుకుందాం, కుర్చీ తీసుకుని రండి అని సూటిగా అడిగేది. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు, జాకెట్ల కొలతలు కూడా ఇచ్చారు, మాట మాత్రం ఇవ్వలేదు. బస్సు కండక్టర్ ఒకడున్నాడు, ఊరంతా అతన్ని 'రైట్‌రైట్' అంటారు. అతను ఆమెను వీధి మలుపులో చూస్తూనే లోపలికెళ్ళి, స్నానం చేస్తున్నానని పెళ్ళాంతో చెప్పించాడు. మూడు రోజులు వరసగా వెళ్ళినా మూడు రోజులూ స్నానమే.

నాలుగో రోజు నర్సమ్మ ఇంటికి వెళ్ళింది. ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన మనిషి, మోకాళ్ళ నొప్పులు, నోటికి వెరపు లేదు. ఆ రోజు కూర్చునే ఉండిపోయిన పదహారు మందిలో ఆమె ఒకతె. టైలరమ్మ చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"మీ బాబాయ్ వస్తున్నాడా?"

"వస్తున్నాడు," అంది టైలరమ్మ.

ఎలా వచ్చిందో ఆ మాట! నాలుక కరుచుకునేలోపే నర్సమ్మ ముఖం విప్పారింది. ఆయన వస్తే నేను పాకుతూనైనా వస్తానంది. అక్కడితో ఆగితే బాగుండేది. టైలరమ్మ వీధి చివరికి చేరకముందే ఆ కబురు ఆమెను దాటిపోయింది. మర్నాడు ఏ గుమ్మం తొక్కినా వాళ్ళే ఎదురొచ్చి, బాబాయ్ వస్తున్నాడటగా అనడం. రైట్‌రైట్ తల కూడా తడవకుండా బయటికొచ్చి, ఆయన్ని మెట్లెక్కించే పూచీ నాదీ అన్నాడు. కాదని చెప్పడానికి టైలరమ్మ ఇంటింటా నోరు తెరిచింది, ఇంటింటా మూసుకుంది. రెండేళ్ళలో మొదటిసారి జనం తనను చూసి నవ్వుతున్నారు. ఆ నవ్వును చేజేతులా పోగొట్టుకోవడానికి ఆమెకు చేతులు రాలేదు.

బాబాయ్‌కి ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, కుడికాలు ఈడుస్తాడు, మాట ముద్దగా వస్తుంది. టైలరమ్మ అప్పుడప్పుడూ పెరటి దారిన వెళ్ళి పిన్నితో మాట్లాడి వచ్చేది. ఒంటిచేత్తో బొత్తాలు పెట్టుకోలేడని, వదులు చేతులతో, ముందు కొక్కేలతో నాలుగు చొక్కాలు కుట్టి పిన్నికిచ్చింది. బాబాయ్ అవి తొడుక్కుంటాడు. ఎవరు కుట్టారని అడగడు, ఆమె వంటింట్లో ఉన్నంతసేపూ ముందు గదిలోంచి ఇటు చూడడు.

గురువారం ఆమె మొదటిసారి ముందు గుమ్మంలోంచి వెళ్ళింది. బాబాయ్ మంచం మీద గోడకానుకుని ఉన్నాడు. ఆ కుర్చీ మంచం పక్కనే ఉంది, దాని మీద మందులూ చెంబూ పెట్టుకున్నారు. నిలబడే మాట్లాడింది. శాఖ పోతుందంది. నా మీద కోపం నా మీదే ఉంచుకో, ఆ గదికి మాత్రం ఒక్క గంట రమ్మంది.

"వస్తానని చెప్పేశావటగా," అన్నాడు బాబాయ్. రెండేళ్ళ తర్వాత ఆమెతో అన్న మొదటి మాట అది. మెల్లగా, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ అన్నాడు.

"నా మాటకి ఎవరూ రావట్లేదు బాబాయ్."

పిన్ని తలుపు దగ్గర గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఆ రోజు పదహారు దాకా నా గొంతు బాగానే ఉందే అమ్మడూ," అన్నాడు. "పదిహేడుకే పోయింది. డాక్టరు పక్షవాతం మొన్న వచ్చిందంటాడు గానీ, నాకు తెలుసు ఎప్పుడొచ్చిందో."

టైలరమ్మ ఏడ్చింది. తప్పయిపోయిందని కూడా అంది. అధ్యక్షురాలినవుదామన్న ఆశ కూడా ఉండిందని, ఎవరితోనూ అనని ఆ మాట అప్పుడే ఆయనతో అనేసింది. ఆయన ఎడమచేత్తో ఆమెను దగ్గరికి రమ్మని, మెడలో వేలాడుతున్న టేపు తీసి చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. చిన్నప్పుడు బడికి పంపేముందు జడ రిబ్బను సరిచేసినట్టే చేశాడు, అందుకే ఆమెకు ఆశ పుట్టింది.

"ఇంటికి రా. ముందు గుమ్మంలోంచే రా. పిన్ని పెట్టింది తిను. నీ మీద కోపం ఎప్పుడో పోయింది," అన్నాడు. "ఆ మెట్లు మాత్రం నేనెక్కను. నన్ను తీసేశారు, నేనే లెక్కపెట్టాను. లెక్కలో తప్పేం లేదు. వెళ్ళి వాళ్ళకి నిజం చెప్పు. చెప్పాక కూడా ఎంతమంది కూర్చుంటే అంతమందే నీ వాళ్ళు."

ఆమె ఇంకా బతిమాలుతూనే ఉంది. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

శుక్రవారం, శనివారం నిజం చెప్పడానికి ఆమెకు రెండు రోజులు చేతిలో ఉన్నాయి. చెప్పలేదు. తిట్టుకోండి, నేనేం అడ్డుపడను. చెబితే ఆదివారం పదిమంది కూడా రారని ఆమెకు తెలుసు. అందరినీ ఒక్కసారి ఆ గదిలో చూడాలని ఉంది, చూశాక చెబుదామనుకుంది.

ఆదివారం ఎనిమిదిన్నర నుంచే సైకిల్ షాపు ముందు సందడి. చేతుల కుర్చీలు, మడత కుర్చీలు, ప్లాస్టిక్ కుర్చీలు, అద్దం ముందు వేసుకునే స్టూలు కూడా ఒకటి. ఆ ఇరుకు మెట్ల మలుపులో ఒక పెద్ద పడక్కుర్చీ ఇరుక్కుని పావుగంట దారి బందైపోయింది. కిందివాళ్ళు పైకి తొయ్యమని, పైవాళ్ళు కిందికి లాగమని ఒకటే అరుపులు. పడక్కుర్చీ తెచ్చింది మీటింగుకా, నిద్రకా అని నర్సమ్మ కిందినుంచి నిలదీసింది. పరిశీలకుడు పదికి అయిదు నిమిషాల ముందే వచ్చి, సంచి చంకన పెట్టుకుని, గోడకానుకుని, నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పది గంటలకు ముప్ఫై అయిదు కుర్చీలు నిండాయి. అందరి చూపూ తలుపు మీదే.

టైలరమ్మ బల్ల పక్కన నిలబడింది.

"బాబాయ్ రావట్లేదు," అంది. "వస్తానని ఆయన అనలేదు. నేనే అబద్ధం చెప్పాను. ఆయన్ని తీసేసినప్పుడు పదిహేడో మనిషిని నేనే. ఉండాలనుకున్నవాళ్ళు ఉండండి. వెళ్ళాలనుకున్నవాళ్ళు కుర్చీ తీసుకుని వెళ్ళొచ్చు, నేనేమీ అనుకోను."

మొదట రైట్‌రైట్ లేచాడు. ముఖం ఎర్రగా కందిపోయింది. కుర్చీ భుజానికెత్తుకుని మెట్ల వైపు నడిచాడు. అతని వెనకే ఇంకో నలుగురు లేచి కుర్చీలు పట్టుకున్నారు. నర్సమ్మ అటూ ఇటూ చూసి, కూడబలుక్కున్నట్టు తన వైపు తిరిగిన ముఖాలతో, ఈ మోకాళ్ళతో ఈ కుర్చీని మళ్ళీ కిందికి మోయడం నా వల్ల కాదు, చచ్చినా ఇక్కడే అని విసుక్కుంది. పక్కనున్నవాడు కిసుక్కున నవ్వాడు గానీ వెంటనే సర్దుకున్నాడు.

మెట్ల మలుపులో ఏదో తగిలిన చప్పుడైంది. కింద నుంచి పిన్ని ఎక్కుతోంది, చేతుల్లో బాబాయ్ కుర్చీ. పైనుంచి రైట్‌రైట్ దిగుతున్నాడు, భుజాన తన కుర్చీ. ఇద్దరు ఒకేసారి పట్టే మెట్లు కావవి, ఎవరో ఒకరు వెనక్కి తగ్గాలి. పిన్నికి అరవై దాటాయి, ఆయాసంతో రొప్పుతోంది. రైట్‌రైట్ ఆమె చేతుల్లోంచి ఆ కుర్చీ అందుకున్నాడు. ఒక భుజాన తనదీ, ఇంకో చేత్తో బాబాయ్‌దీ పట్టుకుని, వెనక వస్తున్న నలుగుర్నీ కసురుకుంటూ, వెనక్కి నడుచుకుంటూనే మళ్ళీ గదిలోకి వచ్చాడు.

బాబాయే వచ్చాడనుకుని అందరూ లేచారు. పిన్ని ఒక్కతే లోపలికి వచ్చాక కూర్చున్నారు.

"దీన్ని తనకిచ్చి రమ్మన్నాడు," అంది పిన్ని టైలరమ్మను చూపిస్తూ.

అలవాటు చొప్పున రైట్‌రైట్ కుర్చీని తిరగేశాడు. అడుగున పైనున్న పేరు లేదు. గరుకు కాగితంతో రుద్ది రుద్ది చెక్క తెల్లగా తేలింది. కింద టైలరమ్మ పేరు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది, బాబాయ్ కుడిచెయ్యి బాగున్న రోజుల్లో రాసిన గుండ్రటి అక్షరాలతో. గురువారం సాయంత్రం మొదలుపెట్టాడనీ, ఎడమచేత్తో మూడు రోజులు రుద్దాడనీ, నేను చేస్తానంటే ఒప్పుకోలేదనీ, వేళ్ళు దోక్కుపోయినా ఆపలేదనీ పిన్ని నెమ్మదిగా నర్సమ్మకు చెబుతోంది. గదిలో అందరికీ వినిపిస్తోంది.

రైట్‌రైట్ ఆ కుర్చీని సరిగ్గా నిలబెట్టి, బల్ల దగ్గర వేసి, తన కుర్చీ మళ్ళీ పాత చోటే వేసుకుని కూర్చున్నాడు. లేచిన నలుగురిలో ఒకరు ఆగారు, ముగ్గురు వెళ్ళిపోయారు. ఆ ముగ్గురితోనే పడక్కుర్చీ కూడా వెళ్ళిపోయింది. టైలరమ్మ కూర్చోలేదు. కూర్చోమని నర్సమ్మ అంది, అయినా ఆ కుర్చీ వెనక పట్టె మీద చెయ్యి వేసి నిలబడే లెక్కపెట్టింది. ముప్ఫై రెండు అని పైకి అంది. పరిశీలకుడు ఇంకోసారి తనే లెక్కపెట్టుకుని, మీరూ ఒకరు కదమ్మా, ముప్ఫై మూడు అన్నాడు. లెక్కపెట్టేవాళ్ళు లెక్కలోకి రారండీ అన్నారు నలుగురైదుగురు ఒక్కసారే. ఆయన భుజాలెగరేసి కాగితం మీద ముప్ఫై రెండు వేసుకుని సంతకం చేశాడు. శాఖ బతికింది.

మధ్యాహ్నం టైలరమ్మ బాబాయ్ ఇంటికి ముందు గుమ్మంలోంచే వెళ్ళింది. మందులూ చెంబూ ఇప్పుడు నేల మీద ఉన్నాయి. కూర్చోవడానికి చోటు లేక మంచం అంచున కూర్చుంది. ఆమె కుట్టిన చొక్కానే తొడుక్కుని ఉన్నాడు బాబాయ్. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ గుడ్డ చుట్టి ఉంది. ఆ చెయ్యిని ఆమె తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఎంతమంది?" అన్నాడు బాబాయ్.

"ముప్ఫై రెండు."

"అబద్ధం చెప్పావని చెప్పాకేనా?"

"చెప్పాకే బాబాయ్."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. పెదవులు ఏదో కూడుతున్నట్టు మెల్లగా కదిలాయి. ఒకప్పుడు ఆ గదిలో ఉన్న ముఖాలన్నీ ఒక్కొక్కటీ తలుచుకుంటున్నాడని ఆమెకు అర్థమైంది. కాసేపటికి కళ్ళు తెరిచి, కొంచెం భయంగా అడిగాడు.

"నన్ను కలిపి లెక్కపెట్టలేదుగా?"

"లేదు," అంది టైలరమ్మ.

"అయితే సరిగ్గానే ఉంది," అన్నాడు బాబాయ్. వంటింట్లో ఉన్న పిన్నిని పిలిచి, అమ్మడు పొద్దుటి నుంచీ నిలబడే ఉంది, అన్నం పెట్టమన్నాడు.